హైడెల్‌బెర్గ్‌లో జర్మన్ నేర్చుకునేవారు తీరిక వేళలను గడపవలసిన తీరు

జర్మన్ భాషా కోర్సు కోసం జర్మనీలోని హైడెల్‌బెర్గ్ చేరే మన విద్యార్థులకు భాష ఎంత త్వరగా పట్టుబడుతుందన్నది, తరగతి ముగిశాక మిగిలే సాయంత్రాలనూ శని, ఆదివారాలనూ వారు ఎలా గడుపుతారన్న దానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఈ ఊరికి ఏడాది పొడవునా పర్యాటకులు వస్తూనే ఉంటారు కాబట్టి, పాత పట్టణంలోని దుకాణాల్లో మనం ఒక్క మాట తడబడితే చాలు, అవతలివారు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోతారు. గదికి వస్తే తెలుగు మిత్రులు ఉండనే ఉంటారు. ఈ రెండింటి మధ్య జర్మన్‌కు చోటు దక్కాలంటే విహారాన్ని కూడా కొంత ఆలోచించి ఏర్పాటు చేసుకోవాలి. ఎదుటివారు ఇంగ్లీషు అందుకున్నప్పుడు 'ఇష్ లెర్నె డాయిచ్' (నేను జర్మన్ నేర్చుకుంటున్నాను) అని నవ్వుతూ చెప్పి జర్మన్‌లోనే కొనసాగించండి. చాలామంది సంతోషంగా సహకరిస్తారు.

మొదటి వారంలో ఒక మధ్యాహ్నం బిస్మార్క్‌ప్లాట్స్ నుంచి హౌప్ట్‌స్ట్రాసె వెంట తూర్పుగా నడవండి. వాహనాల రద్దీ లేని ఈ పొడవైన వీధిలో దుకాణాలను చూస్తూ పోవడం కంటే, గోడల మీది స్మారక ఫలకాలను ఒక్కొక్కటిగా చదువుతూ పోవడం మేలు. రెండు మూడు వాక్యాల్లో ముగిసే ఆ ఫలకాలు ప్రారంభ స్థాయి విద్యార్థికి సరిగ్గా సరిపోయే పాఠాలు. 'త్సుమ్ రీజెన్' అనే భవనం దగ్గర మాత్రం తప్పక ఆగండి. బున్సెన్, కిర్హోఫ్ అనే శాస్త్రవేత్తలు 1859లో ఇక్కడే వర్ణపట విశ్లేషణకు, అంటే కాంతిని రంగులుగా విడదీసి మూలకాలను గుర్తించే పద్ధతికి, పునాది వేసి, ఆ పద్ధతితోనే 1860లో సీజియం అనే మూలకాన్ని, మరుసటి ఏడాది రుబీడియంను కనుగొన్నారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు నుంచి సూర్యుణ్ణి పరిశీలించింది ఈ పద్ధతి సాయంతోనే. హీలియం ఆవిష్కరణకు దారితీసిన పరిశీలనల్లో అదీ ఒకటి. గుంటూరు వైపు విద్యార్థి ఎవరైనా ఆ ఫలకం ముందు నిలబడి ఈ సంగతిని తన జర్మన్ సహాధ్యాయికి వివరించగలిగితే, అంతకు మించిన సంభాషణాభ్యాసం మరొకటి ఉండదని నా అభిప్రాయం.

అదే వీధికి దగ్గరలో, పాత విశ్వవిద్యాలయ భవనం వెనుక, ష్టుడెంటెన్‌కార్ట్సర్ అనే విద్యార్థుల చెరసాల ఉంది. 1386లో స్థాపితమైన ఈ విశ్వవిద్యాలయానికి తన విద్యార్థులను తానే శిక్షించే అధికారం ఉండేది. రాత్రివేళ వీధుల్లో గోల చేసినవారిని, నియమాలు మీరినవారిని 1778 నుంచి 1914 వరకు ఇక్కడ కొన్ని రోజులో, వారాలో బంధించేవారు. గోడలు, పైకప్పు, మెట్ల పక్క భాగాలు ఎక్కడా ఖాళీ లేకుండా మసితోనూ రంగులతోనూ గీసిన ముఖచిత్రాలు, పేర్లు, తేదీలు, పద్య పాదాలు కనిపిస్తాయి. టోపీ పెట్టుకున్న ఒక్కొక్క నల్లని ముఖచిత్రం కింద ఎవరు, ఎందుకు, ఎన్నాళ్లు ఉన్నారో రాసి ఉన్న చోట్లను వెతికి, ఒక మూడింటిని మాత్రం నోటు పుస్తకంలోకి ఎక్కించుకుని, మర్నాడు ఉపాధ్యాయులను అడగండి. పాత లిపిలో ఉన్నవి అర్థం కాకపోయినా నిరుత్సాహపడనక్కరలేదు, జర్మన్లకు కూడా అవి సులభం కావు.

కోటకు వెళ్లే రోజున మరే కార్యక్రమమూ పెట్టుకోవద్దు. కోర్న్‌మార్క్ట్ నుంచి బెర్గ్‌బాన్ అనే కొండ రైలు పైకి తీసుకెళుతుంది. కోట ఆవరణ, పెద్ద ద్రాక్షసారా పీపా, ఔషధశాల ప్రదర్శనశాల అన్నీ ఆ టికెట్‌లోనే కలిసి ఉంటాయి, విద్యార్థులకు రాయితీ కూడా ఉంది. కాబట్టి గుర్తింపు కార్డు వెంట ఉంచుకుని టికెట్‌ను జర్మన్‌లోనే అడిగి కొనండి. 1689లోనూ 1693లోనూ ఫ్రెంచి సైన్యాలు ఈ కోటను ధ్వంసం చేశాయి, మళ్లీ బాగు చేస్తున్న కాలంలో 1764లో పిడుగు పడి కాలిపోయింది. అందుకే ఇది సగం భవనంగా, సగం శిథిలంగా నిలిచి ఉంది. 1751లో కట్టిన పీపాలో సుమారు 2,20,000 లీటర్ల ద్రాక్షసారా పడుతుంది, అందరూ దాని ముందే ఫొటోలు దిగుతారు. భాషా విద్యార్థికి మాత్రం దానికంటే ఔషధశాల ప్రదర్శనశాలే ఎక్కువ ఉపయోగకరం. అక్కడి సొరుగులు, జాడీలు, మూలికల పేర్లు చూస్తూ పోతే, పసుపు, అల్లం, మిరియాలు వంటి మనకు బాగా తెలిసిన దినుసులకు జర్మన్ పేర్లు తెలుసుకునే ఉత్సాహం తనంతట తానే పుడుతుంది. కోట లోపలి గదులను గైడ్‌తోనే చూడనిస్తారు. బి1 అనే మధ్య స్థాయి చేరినవారు ఇంగ్లీషు బృందంలో కాక జర్మన్ బృందంలో చేరాలి. సగమే అర్థమైనా ఆ సగం మనసులో నిలుస్తుంది. డబ్బు తక్కువగా ఉన్న రోజున కోట తోటలోకి ఉచితంగానే వెళ్లి, అక్కడి నుంచి నెక్కర్ నదిని, పాత వంతెనను చూడవచ్చు.

నదికి ఆవలి ఒడ్డున కొండవాలు మీద ఫిలోసోఫెన్‌వేగ్ అనే కాలిబాట ఉంది. దక్షిణాభిముఖమైన వాలు కావడం వల్ల అక్కడ బాదం చెట్లు వసంతానికి ముందుగానే పూస్తాయి. పాత వంతెన దగ్గరి మెట్ల దారి నిటారుగా ఉంటుంది, నోయెన్‌హైమ్ వైపు నుంచి ఎక్కడం కొంత సులువు. 1907లో జర్మన్ నేర్చుకోవడానికే ఈ ఊరికి వచ్చిన మహమ్మద్ ఇక్బాల్, నెక్కర్ ఒడ్డున ఒక సాయంత్రం గురించి ఉర్దూలో కవిత రాశారు. నది ఒడ్డున ఒక దారికి ఆయన పేరే పెట్టారు. మీతో సమాన స్థాయి ఉన్న సహాధ్యాయి ఒకరిని, వీలైతే వేరే దేశం వారిని, వెంట తీసుకెళ్లి నడక పూర్తయ్యేవరకు జర్మన్ తప్ప మరో భాష మాట్లాడకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. ఇద్దరికీ మాతృభాష ఒకటే అయితే ఈ ఒప్పందం నిలవడం చాలా కష్టం.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక సరుకులు శనివారమే తెచ్చుకుని, ఆదివారాన్ని ఊరి బయటికి కేటాయించవచ్చు. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ ప్రయాణ పాస్ ధర 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. దానితో ప్రాంతీయ రైళ్లు, ఎస్-బాన్ అనే సబర్బన్ రైళ్లు, సిటీ బస్సులు ఎక్కవచ్చు గాని ఐసీఈ అనే దూరప్రాంత వేగ రైళ్లు ఎక్కకూడదు. ఎస్-బాన్‌లో నెక్కర్ వెంట కాసేపు వెళితే నాలుగు కోటలున్న నెక్కర్‌స్టైనాఖ్ వస్తుంది. బస్సులో వెళ్లగలిగిన ష్వెట్సింగెన్‌లో 18వ శతాబ్దపు రాజప్రాసాదపు తోట ఉంది, అందులో అలంకారార్థం కట్టిన మసీదు కూడా ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ 24 వరకు ఆ ఊరి తెల్ల ఆస్పరాగస్ అనే కూరగాయకు కాలం. మాంసం ముట్టనివారు దాన్ని హామ్ (పంది మాంసం) లేకుండా వడ్డించమని ముందుగా అడగాలి.

చలికాలపు సాయంత్రాలకు సినిమా హాళ్లు మంచివి. ప్రకటనలో 'ఓ-ఎమ్-ఊ' అని ఉంటే మూలభాషలో మాటలు, కింద జర్మన్ ఉపశీర్షికలు ఉంటాయని అర్థం. ఇంగ్లీషు సినిమాను అలా చూడటం చదివే వేగాన్ని పెంచుతుంది.

అయితే చూడదగ్గవన్నీ రెండు నెలల్లో అయిపోతాయి. ఆ తరువాత భాషను నిలబెట్టేది ఫెరైన్ అనే స్థానిక సంఘమే: బ్యాడ్మింటన్, బృందగానం, చదరంగం, కొండ నడక, ఏదైనా సరే. క్రికెట్ జట్టులో చేరితే మాటలు ఎక్కువగా హిందీలోనో ఇంగ్లీషులోనో సాగే అవకాశముంది కనుక, దానితో పాటు జర్మన్లు ఎక్కువగా ఉండే మరొకటి ఎంచుకోండి. మీ స్థాయిని చెబుతూ జర్మన్‌లో నాలుగు వాక్యాల ఈమెయిల్ రాసి, ఒక రోజు చూడటానికి రావచ్చా అని అడిగితే సాధారణంగా రమ్మంటారు. సభ్యత్వ పత్రం మీద సంతకం పెట్టేముందు రద్దు గడువు చదవడం మాత్రం మరవకండి. ఆరు నెలల కోర్సుకు వచ్చినవారు ఏడాది రుసుముకు కట్టుబడిపోకుండా, విద్యార్థుల రుసుము ఎంతో, మధ్యలో వైదొలగవచ్చో లేదో ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.