వరి కోసే ముందు వాతావరణ బులెటిన్ చదవడం ఎలా

నవంబరు వచ్చిందంటే హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి టెన్షన్ మొదలవుతుంది. "నాన్నా, నా ఫోన్లో మనూరికి వాన 40 శాతం అని చూపిస్తోంది, కోత ఆపండి" అంటాడు. ఆ 40 శాతాన్ని పట్టుకుని కోత ఆపలేం, మొదలుపెట్టనూ లేం. వాన పడే అవకాశం ఎంతో అది చెబుతుంది. పడితే నాలుగు చినుకులా, చేను మునిగేంత వానా అన్నది చెప్పదు. బాపట్ల పక్క పల్లెలో బీపీటీ 5204 రకం వరి వేసి, పనల (కోసి చేలోనే పరిచిన వరి) మీద పంట పెట్టుకుని కూర్చున్నవాడికి కావలసింది ఆ రెండో సంగతే.

అందుకని నేను వాతావరణ శాఖ అమరావతి కేంద్రం ఇచ్చే తెలుగు బులెటిన్ చూస్తాను. అందులో రోజూ అవే మాటలు తిప్పి రాసినట్టు ఉంటుంది కానీ ప్రతి మాట వెనకా ఒక కొలత ఉంది. ఆ కొలత తెలియక ఒక ఏడాది రెండున్నర ఎకరాలు తడుపుకున్నాను. "దక్షిణ కోస్తాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" అని టీవీలో చెబితే, ఒకటి రెండు చోట్లేగా, అది మనూరే కావాలా అనుకుని కూలీలను దింపాను. మూడో రోజుకు పనలు నీళ్లలో తేలుతున్నాయి. వరి వెన్ను (కంకి) చేత్తో పట్టుకుంటే గింజ మొదట్లో తెల్లగా మొలక కనపడింది.

"ఒకటి రెండు చోట్ల" అంటే రెండు ఊళ్లని కాదు. ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో పాతిక శాతం దాకా అని లెక్క. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా, "అనేక చోట్ల" అంటే ముప్పాతిక దాకా, "చాలా చోట్ల" అంటే ఆ పైన. నాలుగో వంతు అంటే చిన్నదేమీ కాదు. మన మండలం అందులో ఉండదని ఎవరూ రాసివ్వలేదు.

ఇక ఎంత వాన అన్నది. 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్ల నుంచి 15.5 దాకా తేలికపాటి, 64.4 దాకా మోస్తరు, 115.5 దాకా భారీ, 204.4 దాకా అతి భారీ, అంతకు మించితే అత్యంత భారీ వర్షం. అన్నిటికంటే మోసం చేసేది మోస్తరు. 16 మిల్లీమీటర్లూ మోస్తరే, 64 కూడా మోస్తరే. అంకెల్లో అర్థం కాకపోతే ఇలా చూడండి: ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్ల నీళ్లు. అంటే భారీ వర్షం మొదటి మెట్టు దగ్గరే ఎకరానికి 2 లక్షల 60 వేల లీటర్లు. మీ మురుగు కాలువ అంత నీటిని ఎన్ని గంటల్లో లాగుతుందో మీకే తెలుసు.

మా దొడ్లో గోడలు నిలువుగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి చెట్టు నీడ, చూరు నీళ్లు తగలని చోట ఇటుకల మధ్య పెట్టి ఉంచుతాను. పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు ముంచి చూస్తే, సెంటీమీటరుకు పది మిల్లీమీటర్లు. సరిగ్గా ఎనిమిదిన్నరకే ఎందుకంటే వాతావరణ శాఖ రోజు అప్పుడే మారుతుంది. బులెటిన్‌లో "ఈరోజు" అంటే రేపు పొద్దున ఎనిమిదిన్నర దాకా. రేపు తెల్లవారుజామున పడే వాన ఈరోజు ఖాతాలోదే. ఇది తెలియక "రేపు పొడి వాతావరణం" అని చదివి, రాత్రి పనల మీద పట్టాలు కప్పకుండా పడుకున్నవాళ్లు మా ఊళ్లో ఇద్దరు ముగ్గురున్నారు.

అల్పపీడనం అనగానే కొడవళ్లు కింద పడేయక్కర్లేదు. అన్నీ మనదాకా రావు. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 నుంచి తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను (అప్పుడే పేరు పెడతారు), 89 నుంచి తీవ్ర తుపాను. నేను వేగం కంటే ముందు అది ఎటు కదులుతోందో చూస్తాను. 2023లో మిచాంగ్ డిసెంబరు 3న తుపానైంది, తమిళనాడు పక్క నుంచి తీరం వెంబడే పైకి వచ్చి 5వ తేదీ మధ్యాహ్నం మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పుడు నేను ఒక్క పన కూడా కోయలేదు. నిలబడ్డ చేను పడిపోయింది, నిజమే. కానీ పడిపోయిన వరిని గట్లు తెగ్గొట్టి నీళ్లు తీసేస్తే మిషన్‌తో కొంతైనా కోసుకోవచ్చు. నీళ్లలో మునిగిన పనలు ఎత్తడానికి కూలి ఖర్చు కూడా రాదు.

ఫోన్లో సిగ్నల్ లేనప్పుడు పనికొచ్చేది ఒకటుంది. గాలికి వీపు పెట్టి నిలబడి ఎడమ చెయ్యి చాచండి. అల్పపీడనం సుమారుగా ఆ వైపున ఉంటుంది. ఈశాన్యం గాలి వీపుకు తగులుతుంటే చెయ్యి ఆగ్నేయం వైపు, అంటే సముద్రంలోకి చూపిస్తుంది. గంట గంటకూ గాలి దిక్కు మారుతుంటే అల్పపీడనం కదులుతోందన్న మాట. తుపాను మీదుగా పోతూ ఉన్నట్టుండి గాలి ఆగిపోతే మాత్రం పొలం వైపు వెళ్లకండి, కాసేపట్లో అవతలి దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.

ఎండాకాలం మబ్బులకు ఈ లెక్కలు పెద్దగా పనిచేయవు. మధ్యాహ్నం తేరిన ఆకాశం సాయంత్రానికి నల్లబడుతుంది. వాటికి మూడు గంటల ముందస్తు హెచ్చరికలు చూసుకోవాలి, పిడుగులకు దామిని యాప్. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. తొమ్మిది లెక్కపెట్టినా నేను గట్టు మీద ఉండను, చెట్టు కిందకూ పోను.

ఇంత చూసినా ఒక్కోసారి తడుస్తుంది. అప్పుడు లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి వెన్నులు తడిసేలా కొట్టండి, మొలక ఆగుతుంది. రెండున్నర ఎకరాలు తడిసిన ఏడాది నేను రెండో రోజుకు గానీ కొట్టలేదు. అప్పటికే మొలిచిన గింజ మొలిచిపోయింది. మిగతాది ఆరబెడితే తేమ 17 శాతానికి దిగడానికి ఆరు రోజులు పట్టింది.