యాక్సిలరేటర్ నొక్కితే ఆగిపోయే చైన్‌సా

టంగుటూరు దగ్గర మా బావ సుబాబుల్ తోటలో వాడే చైన్‌సా (చెట్లు కోసే మోటారు రంపం) స్టార్ట్ అవుతుంది, యాక్సిలరేటర్ నొక్కగానే ఆగిపోతుంది. "ఇంజిన్ పోయినట్టుందిరా" అన్నాడు బావ. నాకైతే అనుమానం పెట్రోలు మీదే. కిందటి వేసవిలో కలిపిన మిశ్రమం ట్యాంకులో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పెట్రోలు పాతబడితే జిగురు కట్టి కార్బొరేటర్‌లోని (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) సన్నని దారులు మూసుకుపోతాయి.

ట్యాంకు ఖాళీ చేశాను. ట్యాంకులో ఉండే చిన్న ఫిల్టర్‌ను కొక్కెంతో లాగి చూస్తే నల్లగా ఉంది, మార్చేశాను. కార్బొరేటర్ విప్పి క్లీనర్ స్ప్రే కొట్టాను. ఎయిర్ ఫిల్టర్ దులిపాను. తర్వాత లీటరు కొత్త పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి పోశాను. ఇది 50:1 లెక్క. మీ మిషన్ పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. ఆయిల్ లేకుండా ఉత్త పెట్రోలు పోస్తే మాత్రం పిస్టన్ పట్టేస్తుంది, ఆ రిపేరు ఖర్చుకు కళ్లు తిరుగుతాయి.

ఇంజిన్ దారికొచ్చింది. కోత మాత్రం పొట్టు బదులు పిండిలా రాలుతోంది, అంటే పళ్లు మొద్దుబారాయన్నమాట. గుండ్రటి ఆకురాయితో ప్రతి పంటికీ ఒకే లెక్కన రుద్దాను. చైన్ ఆయిల్ ట్యాంకు వేరే ఉంటుంది, పెట్రోలు నింపిన ప్రతిసారీ దాన్నీ నింపాలి. చైన్ తిరిగే పొడవాటి పట్టీని బార్ అంటారు, దాని కింద చైన్ వేలాడకూడదు, చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. చైన్ ముట్టుకునేటప్పుడు మాత్రం చేతికి గ్లౌజు, ఇంజిన్ ఆఫ్.