సముద్రపు అడుగున ఇసుక కదలికను అంచనా వేయడం ఎలా?

లోతు తక్కువైన సముద్రంలో అడుగునున్న ఇసుక ఎప్పుడు కదులుతుందో, ఎటు పోతుందో తేల్చడానికి నీటి లోతు, రేణువు పరిమాణం, అలల ఎత్తూ ఆవర్తన కాలమూ (ఒక అల తర్వాత మరో అల రావడానికి పట్టే సమయం), ఆటుపోట్ల ప్రవాహ వేగం తెలిసి ఉండాలి.

మొదట అల అడుగును తాకుతుందో లేదో చూడాలి. ఆవర్తన కాలాన్ని సెకన్లలో తీసుకొని, దాని వర్గాన్ని 1.56తో గుణిస్తే లోతైన నీటిలో తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి ఉన్న దూరం, మీటర్లలో వస్తుంది. అందులో సగానికి మించిన లోతున అల ప్రభావం దాదాపు ఉండదు. 5 సెకన్ల అలకు ఆ హద్దు సుమారు 20 మీటర్లు కనుక, 30 మీటర్ల లోతునున్న ఇసుకకు ఆ అల వచ్చి పోయిన సంగతే తెలియదు. తుఫానులో 10 సెకన్ల అలలు లేస్తే హద్దు 78 మీటర్లకు దిగుతుంది. వాటి ఎత్తు 4 మీటర్లైతే, సరళ తరంగ సిద్ధాంతం ప్రకారం, అదే 30 మీటర్ల లోతున నీరు సెకనుకు దాదాపు 0.7 మీటర్ల గరిష్ఠ వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సన్నని ఇసుకను కదపడానికి అందులో సగం వేగమైనా అక్కర్లేదు. అల ఎత్తును మాత్రమే చూసి ఆవర్తన కాలాన్ని పట్టించుకోకపోతే లెక్క మొదట్లోనే దారి తప్పుతుంది.

పోటులో వచ్చిన నీరు ఆటులో తిరిగి పోతుంది కాబట్టి ఇసుక కూడా మొదటి చోటికే చేరుతుందని అనుకోకూడదు. ఇసుక రవాణా స్థూలంగా వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. పోటు 5 గంటలపాటు సెకనుకు 0.6 మీటర్ల వేగంతోనూ, ఆటు 6 గంటలపాటు 0.5 మీటర్ల వేగంతోనూ సాగాయనుకుంటే కదిలిన నీరు రెండింటా సమానమే, కాని పోటు మోసిన ఇసుక ఆటు మోసినదానికి సుమారు 1.4 రెట్లు ఉంటుంది. అందుకే సగటు వేగం చాలదు. అమావాస్య, పౌర్ణముల పెద్ద పోట్లూ అష్టముల చిన్న పోట్లూ కలిసేలా కనీసం 15 రోజులు గంటగంటకూ తీసిన కొలతలు కావాలి.

అలనూ ప్రవాహాన్నీ విడివిడిగా లెక్కించి చివర్లో కూడటం సరికాదు. అల ఇసుకను లేపుతుంది గాని ఎక్కువ దూరం మోయదు. తనంతట తాను రేణువును కదపలేని మందకొడి ప్రవాహం సైతం అల లేపినదాన్ని మోసుకుపోగలదు. తుఫాను గాలి తీరంవైపు నెట్టిన నీరు అడుగు నుంచి వెనక్కి మళ్ళినప్పుడు ఇసుక లోతుకు చేరేది ఇలాగే.

బురదకు ఈ లెక్క నేరుగా వర్తించదు, ఎందుకంటే దాని రేణువులు ఒకదానికొకటి అంటుకొని ఉంటాయి. గట్టిపడిన బురదను లేపడం సన్నని ఇసుకను లేపడం కంటే కష్టం.

చివరగా, వీలైతే అడుగు ఛాయాచిత్రాలతో సరిచూసుకోవాలి. ఇసుక మడతలు రెండు వైపులా ఒకే వాలుతో ఉంటే అవి అలలు తీర్చినవి. ఒక వైపు నిటారుగా ఉంటే ప్రవాహం ఆ వైపుకు సాగిందని అర్థం.