డిప్రెషన్‌ను తొలిదశలోనే గుర్తించడం ఎలా: విశాఖ కుటుంబాల కోసం

డిప్రెషన్ అనగానే గదిలో ఒంటరిగా కూర్చుని ఏడ్చే మనిషే మనకు గుర్తుకు వస్తాడు. అందువల్ల రోజూ స్టీల్‌ప్లాంట్‌కు షిఫ్టు డ్యూటీకి వెళ్ళివచ్చే ఉద్యోగికి గాని, తెల్లవారకముందే లేచి క్యారేజీలు కట్టి పిల్లలను స్కూలు బస్సు ఎక్కించే గృహిణికి గాని ఆ జబ్బు ఉండవచ్చునన్న అనుమానమే ఇంట్లో ఎవరికీ రాదు. తొలిదశలో ఈ జబ్బు చాలామందిలో పనులను ఆపదు, ఆ పనుల మీద ఉన్న ఇష్టాన్ని కొద్దికొద్దిగా తీసేస్తుంది. గుర్తించదలచినవారు కన్నీళ్ళ కోసం కాక మార్పు కోసం చూడాలి. ఆ మార్పును పక్కింటివారితో పోల్చి కాదు, ఆర్నెల్ల కిందట అదే మనిషి ఎలా ఉండేవారో గుర్తుచేసుకుని కొలవాలి.

ప్రతి ఆదివారం ఫిషింగ్ హార్బరుకు తానే వెళ్ళి, బేరమాడి వంజరం తెచ్చుకునే తండ్రి ఇప్పుడు “ఏదో ఒకటి వండండి” అని ఊరుకుంటున్నారా? పొద్దున్నే బీచ్ రోడ్డులో స్నేహితులతో నడిచే మనిషి మోకాలి నొప్పి పేరు చెప్పి మానేసి, ఆ స్నేహితుల ఫోన్లు కూడా ఎత్తడం లేదా? మార్గశిర గురువారాల్లో కనకమహాలక్ష్మి గుడికి తప్పక వెళ్ళే తల్లి ఈసారి ఆ ఊసే ఎత్తలేదా? ఇలాంటిది ఒక రోజు జరిగితే అది అలసట కావచ్చు, నాలుగు రోజులైతే విసుగు కావచ్చు. రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం అలాగే ఉంటే దానిని తేలికగా తీసుకోకూడదు. మానసిక వైద్యులు నిర్ధారణకు చూసే తొమ్మిది లక్షణాలలో కనీసం అయిదు ఉండాలని, వాటిలో దిగులు గాని, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గాని తప్పక ఒకటై ఉండాలని ప్రమాణం. నిద్రలో మార్పు, ఆకలిలో మార్పు, నీరసం, ఏకాగ్రత తగ్గడం, కదలికలు మందగించడం లేదా నిలకడ లేకపోవడం, తాను పనికిరానన్న భావన, చావు గురించిన ఆలోచనలు మిగిలిన ఏడు. అయిదూ కనబడే దాకా ఆగవలసిన పని లేదు. రెండు మూడు కలిసి నిలిచినప్పుడే డాక్టరును అడగడం మంచిది.

నిద్రను ప్రత్యేకంగా గమనించాలి. పడుకున్న వెంటనే నిద్రపట్టినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, మళ్ళీ కన్ను మూతపడక, లేచాక ఉదయమంతా గుండెల మీద బరువు పెట్టినట్టుండి, సాయంత్రానికి కాస్త తేలికపడడం ఈ జబ్బులో తరచుగా కనబడే తీరు. నైట్ షిఫ్టులు చేసేవారి నిద్ర ఎలాగూ చెదిరి ఉంటుంది కనుక, వారి విషయంలో వీక్లీ ఆఫ్ రోజున, జనరల్ షిఫ్టు వారంలో నిద్ర ఎలా ఉందో చూసి పోల్చాలి. కొందరిలో దీనికి పూర్తి విరుద్ధంగా ఎంత పడుకున్నా మత్తు వదలకపోవడం, ఆకలి పెరగడం కూడా జరుగుతుంది. డైటింగ్ ఏమీ లేకుండా నెలలో బరువు 5 శాతం దాటి మారితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలకు మించి తగ్గినా పెరిగినా, దానిని రాసి పెట్టుకోవాలి.

మన ఇళ్ళలో మనసు బాధ చాలాసార్లు ఒంటి బాధగానే బయటపడుతుంది. గ్యాస్, తల బరువు, నడుము నొప్పి, గుండె దడ, కాళ్ళలో సత్తువ లేదన్న మాటలతో మెడికల్ షాపు నుంచి జనరల్ డాక్టరు దాకా తిరుగుతారు. ఈసీజీ, స్కానింగ్ అన్నీ బాగున్నాయని వచ్చాక ఇంట్లోవారు “ఏమీ లేదన్నారు కదా, ఇంకేమిటి?” అని విసుక్కుంటారు. ఆ నొప్పి నటన కాదు. రిపోర్టులు బాగుండి బాధ మాత్రం తగ్గనప్పుడు మనసు సంగతి అడగవలసిన సమయం వచ్చిందని అర్థం. అదే సమయంలో థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 విటమిన్ తక్కువగా ఉండడం కూడా అచ్చం ఇలాంటి నీరసాన్నీ దిగులునూ కలిగించగలవు కనుక ఆ రక్తపరీక్షలు చేయించడం మానకూడదు.

వయసును బట్టి, మనిషిని బట్టి లక్షణాల రూపం మారుతుంది. మగవారిలో దిగులుకు బదులు చిరాకు, కోపం, పెరిగిన తాగుడు కనిపించవచ్చు. ఇంటర్ చదివే పిల్లల్లో మార్కులు పడిపోవడం, మాట మాటకీ విరుచుకుపడడం వయసు ప్రభావమని కొట్టిపారేస్తాం. పిల్లలు విదేశాల్లో ఉండగా ఇక్కడ ఒంటరిగా మిగిలిన పెద్దవారిలో మతిమరుపు పెరిగితే ముసలితనమే అనుకుంటాం. కాన్పు తరువాత కొద్దిరోజులు బాలింతకు ఊరికే ఏడుపు రావడం సహజమే గాని, అది రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, బిడ్డను చూసినా ఏమీ అనిపించడం లేదని ఆమె అన్నా డాక్టరుకు తప్పక చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం చేయించే మాట ఒకటుంది: “కష్టాలున్నాయి, అందుకే అలా ఉన్నాడు.” 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత గాని, 2020 మే నెలలో ఆర్.ఆర్. వెంకటాపురం గ్యాస్ లీకు తరువాత గాని మనసు చెదరడానికి ఈ ఊరివారికి ఎంత కారణముందో వేరుగా చెప్పనక్కరలేదు. అయినా కారణం ఉన్నంత మాత్రాన అది జబ్బు కాకుండా పోదు. కాలు జారి పడ్డామని తెలిసినా విరిగిన ఎముకకు కట్టు కట్టించుకుంటాం కదా. మామూలు బాధకూ జబ్బుకూ తేడా పట్టుకోవడానికి ఉపయోగపడే గుర్తు ఒకటి చెబుతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న రోజుల్లో మత్స్యకార కుటుంబాల్లో డబ్బు దిగులు ఉండడం సహజం, ఆ దిగులు మధ్యలో కూడా మనుమరాలి ఆట చూసి నవ్వగలిగితే అది పరిస్థితికి తగిన బాధే. నిషేధం ముగిసి బోట్లు కదిలి చేతికి డబ్బు వస్తున్నా ముఖం విప్పారకపోతే, వలల దగ్గరికి వెళ్ళబుద్ధి కాకపోతే అప్పుడు డాక్టరు అవసరం.

గమనించినవాటిని తేదీలతో ఒక కాగితం మీద రెండు వారాలు రాయండి: ఎన్ని గంటలకు లేచారు, ఎంత తిన్నారు, దేనిని మానుకున్నారు, ఎలాంటి మాటలన్నారు. వైద్యులు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి కూడా తోడ్పడుతుంది. గడిచిన రెండు వారాల గురించిన తొమ్మిది ప్రశ్నలకు 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకుంటే మొత్తం అత్యధికంగా 27 అవుతుంది. 10 గాని అంతకు మించి గాని వస్తే డాక్టరును కలవాలి. అది నిర్ధారణ కాదు, వైద్యుని దగ్గరకు వెళ్ళడానికి తగిన కారణం మాత్రమే. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన గురించినది, దానికి సున్నా కాక ఏ జవాబు వచ్చినా మొత్తంతో పని లేకుండా ఆ రోజే మాట్లాడాలి.

మాట్లాడేటప్పుడు “నీకేం తక్కువ?” అన్న ప్రశ్న నోట రానివ్వకండి. ఆ మాట వింటే తన బాధను చెప్పుకునే హక్కు తనకు లేదని ఆ మనిషి అనుకుంటారు. మీరు చూసినదే చెప్పండి: “అన్నయ్యా, రెండు వారాలుగా మూడింటికే లేచి కూర్చుంటున్నావు, అన్నం సగమే తింటున్నావు, నాకు బెంగగా ఉంది.” ఆ తరువాత తొందరపెట్టక వినండి. “నేను మీకందరికీ భారం”, “నేను లేకపోతేనే మీకు బాగుంటుంది” వంటి మాటలు వస్తే, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరికి చాలామందికి ఊరట కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, మందులు, పురుగుమందులు అందకుండా తీసేయండి, వెంటనే 108కి గాని 112కి గాని ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

అంత అత్యవసరం కానప్పుడు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ ఇది, ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. నగరంలో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దానిని “పిచ్చాసుపత్రి” అనే పాత అలవాటు వల్ల ఎందరో గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నారన్నది నా బాధ. ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని అదే రోజు ఇంటికి వచ్చేయడమే ఎక్కువమంది విషయంలో జరిగేది. అక్కడికి వెళ్ళడానికి మనసు ఒప్పకపోతే మీ ఫ్యామిలీ డాక్టరుతోనైనా మొదలుపెట్టండి. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది కనుక ఆఫీసులో తెలుస్తుందేమోనన్న భయంతో ఆగవద్దు.

డాక్టరు దగ్గర తాగుడు, వాడుతున్న ఇతర మందులు, కుటుంబంలో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా అన్నది దాచకుండా చెప్పాలి. గతంలో ఎప్పుడైనా నిద్ర అవసరం లేనంత హుషారుగా, విపరీతంగా ఖర్చుపెడుతూ కొన్నాళ్ళు గడిపి ఉంటే అది మరీ ముఖ్యం, ఎందుకంటే అది హుషారూ దిగులూ మార్చిమార్చి వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు, దానికి వైద్యం వేరు. మందులు రాస్తే వాటి ప్రభావం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వికారం వంటి ఇబ్బందులు మాత్రం ముందే వస్తాయి. చాలామందిలో నిద్ర, ఆకలి ముందు కుదురుకుని, మనసు ఆ తరువాత తేలికపడుతుంది. అందుకే మార్పు రోగికంటే ముందు ఇంట్లోవారికి తెలుస్తుంది. గుణం కనబడలేదని గాని, బాగైపోయిందని గాని మందును సొంతంగా ఆపకుండా, కోలుకున్న తరువాత కూడా కనీసం ఆరు నెలల పాటు డాక్టరు చెప్పినట్టు కొనసాగించాలి.