మందు కల్లు బంద్ అయిన ఊళ్లో మొదటి పది రోజులు

ఎక్సైజ్ వాళ్లు వచ్చి దుకాణానికి తాళం వేసి, డ్రమ్ముల్లోని మందు కల్లు, అంటే మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు, పారబోసి పోయిన రోజు ఊళ్లో ఎవరికీ ఏమీ కాదు. మర్నాటి రాత్రి నుంచి మొదలవుతుంది. రోజూ మూడు నాలుగు సీసాలు తాగే మనిషికి నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. ఆ తర్వాత గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, లేని మనిషితో మాట్లాడతాడు. కొందరు ఫిట్స్ వచ్చి పడిపోతారు. 2015లో కల్తీ కల్లు మీద ఒక్కసారిగా దాడులు జరిగినప్పుడు పాలమూరు, నిజామాబాద్ జిల్లాల ఆస్పత్రులకు ఇలాంటి వాళ్లే వరస కట్టారు. కల్తీని ఆపాల్సిందే. ఆపే రోజుకు వైద్యం సిద్ధంగా లేకపోవడమే ప్రాణాల మీదికి తెస్తోంది. దాడి ఎప్పుడన్నది మన చేతిలో లేదు. ఆ తర్వాతి పది రోజులు మాత్రం ఇంటివాళ్లు, ఆశా కార్యకర్త, సర్పంచ్ చేతిలో ఉంటాయి.

సీసాలో ఉన్నదేమిటి

ఈత కల్లు, తాటి కల్లు రెండింటిలోనూ ఆల్కహాల్ తక్కువే. అమ్మకానికి సరిపడా చెట్లు లేని చోట నీళ్లు, శాక్రీన్ పోసి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం కలుపుతారు. డైజోఫాం, అల్ప్రాజోలం డాక్టర్లు నిద్రకు, ఆందోళనకు రాసే మందులే. నెలల తరబడి రోజూ ఒంట్లో పడితే మెదడు వాటికి అలవాటుపడి, అవి లేకుండా తనను తాను శాంతపరచుకోలేదు. ఒక్కసారిగా ఆగితే అదుపు తప్పి ఫిట్స్ దాకా పోతుంది. అందుకే ఇది మనోబలానికి సంబంధించిన సంగతి కాదు. గట్టి మనిషైనా పడిపోతాడు.

అల్ప్రాజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలే పడుతుంది. కాబట్టి అది పడిన సీసా తాగేవాళ్లకు ఒకటి రెండు రోజుల్లోనే బాధలు మొదలవుతాయి. డైజోఫాం నెమ్మదిగా పోతుంది కాబట్టి వారం తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. తాగే దుకాణంలో ఏది కలిపారో తాగేవాడికి తెలియదు. "నాలుగు రోజులైంది, గండం గడిచింది" అనుకోకండి, పది రోజులూ కనిపెట్టి ఉండాలి.

దాడి జరిగిన రోజే చేయాల్సింది

ఆశా కార్యకర్త ఒక నోటుబుక్ పట్టుకుని ఇంటింటికీ పోవాలి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, చివరి సీసా ఏ రోజు ఏ పూట తాగారు, మునుపెప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, పక్కన బ్రాందీ, గుడుంబా (నాటుసారా) కూడా అలవాటుందా, బీపీ, షుగర్, గుండె మందులు వాడుతున్నారా, ఇవన్నీ రాసుకోవాలి. కూలికి పోయి వచ్చి ఒంటినొప్పులకని తాగే ఆడవాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. మగవాళ్ల ముందు అడిగితే లేదంటారు. వాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగాలి. జాబితాలో ముందు తప్పిపోయేది వాళ్లే, ఆలస్యంగా ఆస్పత్రికి చేరేదీ వాళ్లే.

మునుపు ఫిట్స్ వచ్చినవాళ్లు, 60 దాటినవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కల్లుతో పాటు రోజూ బ్రాందీ, గుడుంబా తాగేవాళ్లు బాధలు మొదలయ్యే దాకా ఆగకూడదు. అదే రోజు ఆస్పత్రికి పోవాలి. పాలిచ్చే తల్లి అయితే బిడ్డను కూడా డాక్టరుకు చూపించాలి, ఈ మందులు పాలలోకి కూడా చేరతాయి.

మిగతావాళ్లను ఇంట్లో ఒంటరిగా వదలొద్దు. బావి గట్టుకు, డాబా మీదికి పోనివ్వొద్దు, బండి తాళాలు తీసి దాచండి. నీళ్లు, మజ్జిగ, గంజి తాగిస్తూ ఉండండి. వణుకు పెరిగినా, మాట తడబడినా, తేదీ, ఊరు చెప్పలేకపోయినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, జ్వరం వచ్చినా వెంటనే 108కు ఫోన్ చేయండి. గాలి సోకిందని తాయత్తు కట్టించుకు రావడానికి పోయే ఆ ఒక్క రాత్రే మనిషిని మింగుతుంది.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, టైం చూసుకోండి. చేతిలో తాళాలు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నోట్లో నీళ్లు పోయడం చేయకండి. చెంచాతో పళ్లు విరుగుతాయి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక్కసారి వచ్చి ఆగినా ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా అది ప్రాణాపాయం.

ఆస్పత్రిలో

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో మానసిక వైద్యులు ఉంటారు. పరిస్థితి చేయి దాటితే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. ఎక్కడికి పోయినా సిగ్గుపడి "జ్వరం వచ్చింది" అని చెప్పకండి. "మందు కల్లు, రోజుకు ఇన్ని సీసాలు, ఫలానా రోజు బంద్ అయింది" అని మొదటి మాటగా చెప్పండి. అది వినకపోతే డాక్టరు మెదడు జ్వరమనో, పిచ్చి అనో అనుకుని వేరే దారిలో పోయే ప్రమాదం ఉంది. బ్రాందీ, గుడుంబా అలవాటు కూడా ఉంటే అదీ చెప్పండి, అప్పుడు గ్లూకోజ్ కంటే ముందు బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు.

వైద్యం మొదట వింతగా అనిపిస్తుంది. మానాల్సిన రకం మందునే డాక్టరు మళ్లీ ఇస్తాడు. నెమ్మదిగా ఒంట్లోంచి పోయే డైజోఫాం ఇచ్చి, దాన్ని మెట్టు మెట్టుగా తగ్గిస్తాడు. అర మిల్లీగ్రాము అల్ప్రాజోలం దాదాపు 10 మిల్లీగ్రాముల డైజోఫాంకు సమానం. కానీ సీసాలో ఎన్ని మిల్లీగ్రాములు పడ్డాయో ఎవరికీ తెలియదు కాబట్టి వణుకు, నాడి, నిద్ర చూస్తూ మోతాదు కుదురుస్తారు. ఈ లెక్క ఇంట్లో వేసుకునేది కాదు. ఏళ్ల అలవాటైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించుకుంటూ పోవాలి, నెలలు పడుతుంది. మాత్రలు ఇంట్లో నమ్మకమైన ఒకరి దగ్గర ఉండాలి, ఏ రోజువి ఆ రోజే చేతికివ్వాలి. బాగైందని మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఎక్కువగా చెడేది ఇంకో దారిలో. ఇక్కడ దుకాణం మూస్తే పక్క ఊరి దుకాణానికి పోతారు, అక్కడి కల్లు ఘాటు ఎంతో తెలియదు. లేదా మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్రమాత్రలు కొంటారు, గుడుంబాకు మళ్లుతారు. నిషేధం ఒక్కటే పెట్టి వదిలేస్తే అలవాటు పోదు, చోటు మారుతుందంతే. రెండు మూడు వారాలు మానిన మనిషి ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు. అదే నాలుగు సీసాలు తాగితే, అందులోనూ బ్రాందీ తోడైతే, నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ మాట తాగే మనిషికి నేరుగా చెప్పాలి.

కేసు భయం

ఆస్పత్రికి పోతే పోలీసులు పట్టుకుంటారనే భయంతో చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు. మత్తుమందుల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ చూడండి. మత్తుకు అలవాటుపడిన మనిషి మీద వాడకం కేసో, చిన్న మొత్తంలో మత్తుమందు దొరికిన కేసో ఉన్నా, తనంతట తానుగా ప్రభుత్వ ఆస్పత్రిలో గానీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో గానీ వైద్యం చేయించుకుంటే విచారణ నుంచి రక్షణ ఉంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు, కాబట్టి ఓపీ చీటీలన్నీ దాచుకోండి.

"కొద్దికొద్దిగా తగ్గిద్దాం" అని మందు కల్లు సీసాలు ఇంట్లో దాచడం మాత్రం వద్దు. అల్ప్రాజోలంకు 5 గ్రాములు చిన్న మొత్తం, 100 గ్రాములు దాటితే వాణిజ్య మొత్తం. కలిసిన పదార్థంతో సహా మొత్తం బరువు లెక్కలోకి వస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన ఒక్క సీసా కల్లే పెద్ద కేసుకు దారితీయవచ్చు.

గొలుసులతో కట్టేయడం కూడా నేరమే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. మత్తు అలవాటు వల్ల వచ్చే మానసిక బాధలు ఆ చట్టం పరిధిలోనివే, అంటే ప్రభుత్వ వైద్యం మీ హక్కు.

ఊరు చేయాల్సింది

దుకాణం మీద ఫిర్యాదు ఇచ్చే పంచాయతీ, అదే రోజు జిల్లా వైద్యాధికారికి కూడా ఒక కాగితం ఇవ్వాలి. ఇంతమంది తాగేవాళ్లున్నారు, పీహెచ్‌సీలో ఇంజెక్షన్లు, మాత్రలు సిద్ధంగా ఉంచండి, పది రోజులు డాక్టరును పంపండి అని రాయండి. చెట్టెక్కి దించిన కల్లు అమ్ముకునే గీత కార్మికుణ్ని, పొడి కలిపే వ్యాపారిని ఒకే గాటన కట్టకండి. చెట్టు కల్లు మీద బతికే ఇంటి కడుపు కొడితే ఊళ్లో ఎవరి అలవాటూ తగ్గదు.

పంచాయతీ గోడ మీద మూడు నంబర్లు పెద్దగా రాయించండి: అంబులెన్సుకు 108, మత్తు మాన్పించే సలహాకు 14446, మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి టెలీ మానస్ 14416. వైద్యం నడుస్తుండగా పుణె, ముంబై వలస పోయేవాళ్లు డాక్టరుకు ముందే చెప్పి, తిరిగొచ్చే దాకా మాత్రలు ఎలాగో రాయించుకుని, ఆ చీటీని ఆధార్ కార్డుతో కలిపి పెట్టుకోవాలి. వాళ్ల మేస్త్రీకి కూడా ఫిట్స్ వస్తే ఏం చేయాలో చెప్పి పంపండి.