చింతగింజలతో చిన్నపిల్లలకు లెక్క నేర్పడం ఎలా?

"మా వాడు వంద దాకా చెప్తాడక్కా" అంటూ నిరుడు ఎండాకాలంలో ఒకామె నాలుగేళ్ళ కొడుకును మా ఇంటికి తీసుకొచ్చింది. పిల్లోడు నిజంగానే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అరవై తొమ్మిది దగ్గర మాత్రం కాస్త తడబడి మళ్ళీ అందుకున్నాడు. నేను చింతగింజల గిన్నె వాడి ముందుకు జరిపి, "నాకు నాలుగు ఇయ్యి నాయనా" అన్నాను. గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. చూస్తే పదకొండున్నాయి.

ఆ తల్లి మొహం చిన్నబోయింది. తప్పు పిల్లోడిది కాదు. వాడికి ఎవరో పాట నేర్పారు, లెక్క నేర్పలేదు. నేను కడపలో ఇరవై ఏళ్ళకు పైగా 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలతో ఈ గింజల పని చేయిస్తున్నాను. ఇళ్ళల్లో కూడా చాలామంది చేయిస్తారు, అందరూ ఒకే చోట చెడగొడతారు. ఆ చోటు గురించే ఇక్కడ ఎక్కువ రాస్తాను. మిగతాది గబగబా చెప్పేస్తాను.

కావలసినవి

చింతగింజలు, తెల్ల సుద్దముక్క, చిన్న స్టీలు గిన్నె, నల్ల బండలు పరిచిన నేల. అంతే.

గింజలు కొనాల్సిన పనిలేదు. చింతపండు కొట్టే రోజుల్లో ఏ ఇంట్లో అడిగినా దోసెడు ఇస్తారు. గంటసేపు నీళ్ళలో వేసి, అంటుకున్న పండు పోయేలా రుద్ది కడిగి, రెండు రోజులు ఎండబెట్టండి. పుచ్చులు తీసేయండి. పగిలిన బద్దలు అష్టాచెమ్మాకు దాచుకోండి, ఇక్కడ మాత్రం వద్దు. బద్దను ఒకటిగా లెక్కపెట్టాలా అరగా లెక్కపెట్టాలా అని అడిగే పిల్లలుంటారు. ఆ మాట నాతో ఒకతే అనింది, మూడున్నరేళ్ళది.

శెనక్కాయ విత్తనాలతో చేస్తామంటారు కొందరు. చేయకండి. ఐదు లెక్కపెట్టేలోపు మూడు నోట్లోకి పోతాయి, గొంతుకు అడ్డం పడే వాటిలో ఇవే ముందుంటాయి. శెనగలు, బఠాణీలు కూడా వద్దు, ముక్కులోనో చెవిలోనో దూరితే తడికి ఉబ్బుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, గురివింద గింజలు ఇంట్లోకే రానివ్వకండి. ఎర్రగా, నల్ల చుక్కతో ముద్దొస్తాయి, కానీ నమిలి మింగితే ప్రాణం తీసే విషం. ఆముదం గింజలూ అంతే. మా చిన్నప్పుడు ఆడలేదా అని వాదించే పెద్దవాళ్ళు ఉంటారు, వాళ్ళతో వాదన పెట్టుకోకండి, గింజలు తీసి పారేయండి.

చింతగింజ కూడా 3 ఏళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఆ వయసుకు నిమ్మకాయంత గుండ్రాళ్ళు చాలు. 3 దాటినా మీరు ఎదురుగా కూర్చునే ఉండాలి. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి కూర్చునే పని కాదిది.

నేల, గళ్ళు

కడప బండ మీదనే చేయాలి. టైల్సు మీద సుద్ద సరిగా పట్టదు, చాప మీద గింజ పడితే చప్పుడు రాదు. ఎర్రగుంట్ల వైపు నుంచో బేతంచెర్ల నుంచో వచ్చిన నల్ల బండ మీద తెల్ల గీత గీస్తే పలక మీద గీసినట్టు కనబడుతుంది. గింజ పెట్టగానే "టక్" అంటుంది. ఆ టక్కుతో పనుంది, తర్వాత చెప్తాను. బండలు లేని ఇంట్లో పెద్ద రాతిపలక వాడండి. ఫోనులో గింజలు లాగే ఆటలు కూడా ఉన్నాయట. వేలితో అద్దాన్ని తోస్తే ఏం తగులుతుంది చేతికి?

పొద్దున టిఫిన్ అయ్యాక, బండ ఇంకా చల్లగా ఉండగా కూర్చోండి. జానెడు గళ్ళు ఐదు, ఎడమ నుంచి కుడికి వరసగా గీయండి. మొదటి వారం గళ్ళలో అంకెలు వేయకండి. ఒక్కో గడిలో ఒక్కో గింజ పెట్టడమే పని. లెక్క కూడా వద్దు, ఊరికే పెట్టడం, తీయడం. వామనగుంటల్లో మన అవ్వలు చేసిందీ అదే కదా. రెండు వరసల్లో పద్నాలుగు గుంటలు, పిడికిట్లోంచి గుంటకొకటిగా వదులుకుంటూ పోవడం. బడి మొహం చూడని ఆడవాళ్ళు ఎదుటివాళ్ళ గుంటలో ఎన్నున్నాయో చూపుతోనే చెప్పేసేవాళ్ళు.

అసలు కష్టం ఇక్కడే

రెండో వారం నుంచి లెక్క. అందరూ చెడగొట్టే చోటు ఇదే కాబట్టి నిదానంగా చదవండి.

పిల్లోడు గింజలను వేలితో చూపిస్తూ లెక్కపెడతాడు. చూపించనివ్వకండి. వేలు ఒక దారిన, నోరు ఒక దారిన పోతాయి. మన అంకెల పేర్లలోనే ఒక చిక్కుంది. "నాలుగు" అనే మాటను పిల్లలు పాటలాగా "నా, లు, గు" అని సాగదీస్తారు, సాగదీసిన ప్రతి ముక్కకూ వేలు ఒక గింజ ముందుకు పోతుంది. ఎనిమిదికైతే నాలుగు గింజలు దాటిపోతాయి. అందుకే గింజను చేత్తో ఎత్తి గడిలో పెట్టించాలి. ఎత్తేటప్పుడు నోరు మూసుకోవాలి. గింజ బండకు తగిలి టక్ అన్నప్పుడే "ఒకటి" అనాలి. మళ్ళీ ఖాళీ చెయ్యి గిన్నె దగ్గరికి పోవాలి. ఎత్తు, పెట్టు, చెప్పు. ముందు మీరు రెండుసార్లు చేసి చూపండి, చూపేటప్పుడు అంకె తప్ప ఇంకో మాట మాట్లాడకండి. "ఇదిగో చూడు బంగారూ, ఇప్పుడు అవ్వ ఏం చేస్తుందంటే" అని మొదలుపెట్టారంటే వాడు మీ మొహం చూస్తాడు, గింజను చూడడు.

ఇంట్లో వేరే లెక్కలుంటే అవి కూడా అడ్డం వస్తాయి. మా వీధిలో ఒక పాప ఎప్పుడూ "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టేది. వాళ్ళ జేజి వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అంటుంది మరి. నేను దిద్దలేదు. పేరు ఏదైనా ప్రతిసారీ అదే పేరు, అదే వరస ఉంటే చాలు. పేరు దానంతటదే సర్దుకుంటుంది.

ఐదూ పెట్టడం అయ్యాక మీరు "ఎన్ని?" అని అడుగుతారు. నూటికి తొంభై మంది పిల్లలు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. మీరు మళ్ళీ "ఎన్నిరా?" అంటారు, వాడు మళ్ళీ మొదటికి వస్తాడు. ఇక్కడే మీకు టెన్షన్ వస్తుంది, గొంతు పెరుగుతుంది. "ఇప్పుడే కదరా ఐదన్నావు!" అంటారు. వాడు అన్నది నిజమే, కానీ వాడి లెక్కలో "ఐదు" అనేది చివరి గింజ పేరు. మొదటి గింజ పేరు ఒకటి, దాని పక్కదాని పేరు రెండు, ఆ మూలన ఉన్నదాని పేరు ఐదు. అన్నీ కలిపితే ఐదు అనేది వాడికింకా తెలియదు. 1978లో గెల్మన్, గాలిస్టెల్ అనే అమెరికా పరిశోధకులు లెక్కించడాన్ని ఐదు సూత్రాలుగా విడగొట్టారు. ఒక్కో వస్తువుకు ఒక్కో పేరు, పేర్ల వరస మారకపోవడం, చివర పలికిన అంకే మొత్తం కావడం, దేన్నైనా లెక్కించవచ్చుననేది, ఎటువైపు నుంచి లెక్కించినా అంతేననేది. ఈ ఐదింటిలో మన ఇళ్ళల్లో పిల్లలు బోర్లా పడేది మూడో దాని దగ్గర.

అడగడం మానండి, చూపండి. మీరే పెడుతూ "ఒకటి, రెండు, మూడు" అనండి. మూడు దగ్గర ఆగి, అరచేతిని గింజలన్నిటి మీదా గుండ్రంగా తిప్పుతూ "మూడు గింజలు" అనండి. వాటిని గుప్పిట్లోకి తీసుకుని వాడి చేతిలో పోసి మరోసారి "మూడు" అనండి. వాడు బరువు చూసుకుంటాడు. రోజుకు ఐదారుసార్లు, అంతకన్నా వద్దు. ఒక రోజున వాడే అరచెయ్యి తిప్పుతాడు. ఆ రోజు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, వారం పట్టవచ్చు, నాలుగు నెలలు పట్టవచ్చు.

వచ్చిందో లేదో తెలుసుకోవడానికి "ఎన్ని?" అని మళ్ళీ అడగకండి. "నాకు రెండు ఇయ్యి" అనండి. పిల్లలకు ముందు ఒకటి తెలుస్తుంది, కొన్ని నెలలకు రెండు, ఇంకొన్ని నెలలకు మూడు. రెండు మాత్రమే తెలిసిన పిల్లను నాలుగు ఇమ్మంటే గుప్పెడు తీసి ఇస్తుంది. అది మొండితనం కాదు. తనకు తెలిసిన దానికన్నా ఎక్కువ అని దానికి తెలుసు, ఎంత ఎక్కువో తెలియదు. అప్పుడు చేతిలోవి గిన్నెలో పోసేసి "రెండు ఇయ్యి" అని తెలిసిన చోటికి దిగిరండి. మూడు నిలకడగా ఇవ్వడం వచ్చేదాకా నాలుగు జోలికి పోకండి.

ఇంకొక మాట. "తప్పు" అనే మాట ఈ పని జరిగినంతసేపూ మీ నోట్లోంచి రాకూడదు. "వెరీ గుడ్" కూడా రాకూడదు. రెండూ ఒకటే, వాడి కళ్ళు గింజల మీంచి మీ మొహం మీదికి వస్తాయి. నాకు తెలిసిన ఒక నర్సరీలో ప్రతి అంకెకూ చప్పట్లు కొట్టించేవాళ్ళు. ఆ పిల్లలు చప్పట్లు ఆగితే లెక్క ఆపేసేవాళ్ళు.

పదిహేను గింజల గళ్ళు

మూడు, నాలుగు కుదిరాక గళ్ళలో 1 నుంచి 5 దాకా అంకెలు రాయండి. ఒకటి గడిలో ఒక గింజ, రెండులో రెండు, అలా ఐదు వరకు. గిన్నెలో సరిగ్గా 15 గింజలే ఉండాలి. పదహారు ఉంటే ఆట చెడిపోతుంది.

ఈ కిటుకు నాది కాదు, ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరిది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి మన దేశంలోనే ఉండిపోయింది. ఆమె సామగ్రిలో కదుర్ల పెట్టె ఒకటుంది (కదుర్లంటే సన్నటి కర్ర పుల్లలు), సున్నా నుంచి తొమ్మిది దాకా గళ్ళు, సరిగ్గా 45 కదుర్లు. పిల్ల ఎక్కడో ఒకటి ఎక్కువ వేస్తే చివరి గడికి తక్కువ పడుతుంది, తక్కువ వేస్తే చివర్లో మిగులుతుంది. తప్పు జరిగిందని పెట్టే చెప్తుంది, టీచరు చెప్పాల్సిన పనిలేదు. ఆ పెట్టె ఖరీదు పెట్టలేక నేను బండకు, గింజలకు దించాను. మా దాంట్లో టక్కు కూడా ఉంది, కాబట్టి మాదే మేలని నా నమ్మకం.

చివరి గడిలో నాలుగే పడితే పిల్ల మీ వైపు చూస్తుంది. మీరు కిటికీ వైపు చూడండి. చెప్పాలని నాలుక దురద పెడుతుంది, ఓర్చుకోండి. తనే వెనక్కి పోయి గళ్ళు వెతుక్కుంటుంది. వెతకకుండా లేచిపోతే పోనివ్వండి, రేపు చూసుకోవచ్చు. పది నిమిషాలు దాటించకండి.

ఈ దశలో ఒక సరదా పరీక్ష. ఐదు గింజలు దగ్గరగా ఒక వరస, ఐదు గింజలు దూరం దూరంగా కింద ఇంకో వరస పెట్టి ఎందులో ఎక్కువున్నాయో అడగండి. పొడుగు వరసలోనే ఎక్కువ అంటారు, లెక్కపెట్టిన పిల్లలు కూడా. పిల్లల ఆలోచన ఎలా పెరుగుతుందో పరిశోధించిన పియాజే దీన్ని ఎప్పుడో రాసిపెట్టాడు. ఆరేడేళ్ళ వయసుకు దానంతటదే తెలుస్తుంది, మీరు దిద్దకండి. పోయినేడు ఒక తండ్రి దీని కోసం కొడుకుతో అరగంట వాదించి, ఇద్దరూ ఏడుపు మొహాలతో లేచారు.

అంకెలు రాయించడం ఎప్పుడని అడుగుతారు. నన్నడిగితే 5 దాటాక. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ దాకా ఒకే పునాది దశ అని, ఆటపాటలతో నేర్పమని చెప్పింది. అయినా ఎల్‌కేజీలో వంద దాకా నోటుబుక్కులో రాయించే బళ్ళు ఉన్నాయి. హోంవర్కు తప్పకపోతే రాయించండి, దానికీ దీనికీ సంబంధం పెట్టకండి. ఐదు కుదిరాక తొమ్మిది గళ్ళకు, 45 గింజలకు పోవచ్చు. సున్నా గడి కూడా గీయండి, అందులో ఏమీ వేయకుండా దాటించండి.

సర్దడం

గింజలు గిన్నెలో వేయడం కూడా పిల్లలే చేయాలి, లెక్కపెడుతూ చేయాలి. డబ్బా మూత బిగుతుగా ఉండాలి, అందనంత ఎత్తున పెట్టాలి. పిల్ల లేవకముందే మీరు మరోసారి లెక్క చూసుకోండి. పద్నాలుగే ఉంటే ముందు ముక్కు చూడండి, తర్వాత చెవులు, నోరు, జేబు, ఆ తర్వాతే మంచం కింద. ముక్కులో కనబడితే పిన్నుతోనో వేలితోనో లాగకండి, ఇంకా లోపలికి పోతుంది. నేరుగా చెవి ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. నేను ఒకసారి వేలు పెట్టి చూశాను, ఆ డాక్టరు తిట్టిన తిట్లు పిల్లకు కాదు, నాకు.