తోటివాళ్ల చేత దిద్దించేటప్పుడు

మీ కాలేజీలో మూడిల్ (ఆన్‌లైన్‌లో పాఠాలు, అసైన్‌మెంట్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే, ఈసారి అసైన్‌మెంట్‌కు అందులోని 'వర్క్‌షాప్' వాడి చూడండి. విద్యార్థులు తమ పని అప్‌లోడ్ చేశాక ఒకరిది ఒకరు దిద్దుతారు. మామూలుగా రాసినదానికి 80, దిద్దినందుకు 20 మార్కులు ఉంటాయి. నేనైతే ఆ 20ని 40 చేస్తాను, ఎందుకంటే పక్కవాళ్ల జవాబులో తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడే పాఠం బాగా ఎక్కుతుంది.

అయితే ముందుగా ఒక నమూనా జవాబు పెట్టి అందరి చేతా దిద్దించండి. ఈ మెట్టు మాత్రం వదలకండి. లేకపోతే స్నేహితులకు మొహమాటంతో ఫుల్ మార్కులు వేసేస్తారు. పర్మిషన్లలో పేర్లు కనిపించకుండా మార్చేస్తే పిల్లలకు టెన్షన్ కూడా తగ్గుతుంది.

గూగుల్ డాక్స్‌లో కలిసి రాయిస్తుంటే మార్కులు వేసే ముందు వెర్షన్ హిస్టరీ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపేది) తెరవండి. క్లాసులో నోరు విప్పని అమ్మాయి సగం రిపోర్టు రాసిందని అక్కడే తెలుస్తుంది.